దానమిచ్చిన మంచం

గడప దగ్గర

“ఆ మంచం కాలు గడప లోపల పడిందంటే నా కాలు గడప బయట పడతాది. సూసుకోండి మరి.”

“అమ్మగారూ, ఇది మీవారు పడుకున్న మంచమేనండీ. తలాపు పలక మీద చిలకలు చూడండి, ఆయన చేత్తో వేసినవి. పరాయి సొత్తు ఎత్తుకొచ్చామా మేము?”

“పరాయి సొత్తు ఎత్తుకొచ్చినా గమ్మునుందును. దానమిచ్చిన సొత్తు తెచ్చినారు. ఇచ్చింది ఎనక్కి తీసుకుంటే దాన్నేమంటారో మీ సదువులో చెప్పలేదా?”

“దానం పట్టిన పెద్దాయన పోయారు కదండీ. వాళ్లబ్బాయి ఇష్టపడే ఇచ్చాడు. బదులుగా కొత్త మంచం కొనిచ్చాం.”

“కొనిచ్చినారా! అయితే యాపారం కూడా అయిపోయినట్టేనా?”

గడపకు లోపలి పక్క నిలబడి మాట్లాడుతున్నది అలమేలమ్మగారు. ఆ ఇంటి యజమాని అయిన చిత్రకారుడి భార్య. ఆయన పోయి అప్పటికి పదిహేనేళ్లు దాటింది. గడపకు బయట నిలబడింది రామనాథంగారు, ఆ ఇంటిని మ్యూజియంగా తీర్చిదిద్దడానికి వచ్చిన అధికారి, గుంటూరు వైపు మనిషి. వీధిలో ఎద్దులబండి ఆగి ఉంది. బండిలో మంచం నాలుగు కోళ్లు, రెండు పట్టెలు, ఒక తలాపు పలక తాళ్లతో కట్టి ఉన్నాయి. బండి పక్కన నేను. ఆ మంచాన్ని నాయుడుపేట నుంచి చంద్రగిరికి తెచ్చింది నేనే.

నోరు విప్పబోయాను.

“నువ్వు మాట్లాడమాక మునెమ్మా. నీ సంగతి తర్వాత సూస్తా” అంది ఆవిడ.

గడప మీద కూర్చోకూడదని చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టి నేర్పింది ఆవిడే. ఆ మాట అని ఆ రోజు ఆవిడే గడపకు అడ్డంగా కూర్చుంది. మర్నాడు పదిగంటలకు మ్యూజియం తెరవాలి. పెద్దవాళ్లను పిలిచి ఉన్నారు. తాటాకు పందిరి వేసి ఉంది.

నేను చేసిన పని

మ్యూజియంలో కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు మొన్న నన్ను వెతుక్కుంటూ వచ్చారు. “అవ్వా, నువ్వు పని ఎట్లా నేర్చుకున్నావు?” అని అడిగారు. నేను మూడో తరగతి దాకా చదివాను. అక్షరాలు తెలుసు, రాయడానికి చెయ్యి నెమ్మది. అయినా నోటితో చెబితే సగం మరిచిపోతారని కాగితం మీద పెడుతున్నాను. జీతమెంత, ప్రమోషన్ ఎప్పుడు అన్నవి ఇందులో ఉండవు. అవి మీకు ఆఫీసువాళ్లే చెబుతారు.

ఆ ఇంట్లో నేను పదకొండేళ్లప్పుడు అంట్లు తోమడానికి చేరాను. ఊరంతా ఆ ఇంటాయన్ను బొమ్మలయ్య అనేవాళ్లు. కోటను, కొండను, నీళ్ల బిందెలతో పోయే ఆడవాళ్లను బొమ్మలు వేసేవాడు. కొయ్య సామాను కూడా తానే కాగితం మీద గీసి, వడ్రంగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చేయించేవాడు. రాత బల్ల, చేతుల కుర్చీ, పుస్తకాల బీరువా, బట్టలు తగిలించే కొయ్య, మంచం. ఐదింటికీ కాళ్లు ఒక్క తీరులో ఉంటాయి, కింద సన్నగా, మోకాలి దగ్గర లావుగా. ఆయన పోయాక తమ్ముళ్లు వచ్చి తలా ఒకటి తీసుకుపోయారు. కొన్ని అమ్ముడుపోయాయి. ఇల్లు బోసిపోయింది.

ఎనభయ్యో దశకం మొదట్లో ఒక కమిటీ ఏర్పడింది. అలమేలమ్మగారు ఇల్లు రాసిచ్చారు. బతికినంత కాలం వెనకవైపు రెండు గదులూ వంటిల్లూ తనవే అన్నది ఒక్కటే షరతు. నన్ను అటెండరుగా తీసుకున్నారు.

రామనాథంగారు వచ్చిన మొదటిరోజు అన్ని గదులూ తిరిగి చూసి, నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. “ఏది ఎక్కడుండేదో గీయండి మునెమ్మగారూ” అన్నారు. నన్ను “గారూ” అన్న మొదటి మనిషి ఆయన. నేను తిరిగి చూశాను, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

“నాకేం తెలుసు సార్, నేను కసువు సిమ్మేదాన్ని” అన్నాను.

“అందుకే మీకు తెలుసు. బల్ల కిందికి, మంచం కిందికి వంగింది మీరు కదా” అన్నారు.

నిజమే. కళ్లు మూసుకుని చీపురు పట్టుకున్నట్టు అనుకుంటే, ఎక్కడ వంగేదాన్నో, ఎక్కడ పక్కకు తిరిగేదాన్నో నా నడుముకే గుర్తుంది. అట్లా ఐదు సామాన్ల చోట్లూ గీశాను. ఇప్పుడు చేరే పిల్లలకు ఇదే చెబుతున్నాను. తుడిచేటప్పుడు పరధ్యానంగా ఉండొద్దు.

కుర్చీకి ప్లాస్టిక్కు వైరు

సామాన్లు వెతికి తేవడానికి ఏడాదిన్నర పట్టింది. బల్ల చిత్తూరులో ఒక ప్లీడరు ఇంట్లో దొరికింది. కుర్చీ తిరుపతిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూటులో ఉంది. పేము అల్లిక తెగి, గోతాం పట్ట పరిచి దాని మీద కూర్చుంటున్నారు.

కుర్చీ ఇంటికి వచ్చిన వారంలో రామనాథంగారు ఊరికి వెళ్లారు. ఆ రోజుల్లో వీధుల్లో ప్లాస్టిక్కు వైరు అల్లేవాళ్లు తిరిగేవారు. పేము ఐదారేళ్లకు పోతుంది, వైరు ఇరవై ఏళ్లుంటుంది. నా చేతిలో ఏదీ వృథా పోకూడదు, అది నా గుణం. బేరమాడి, ఆకుపచ్చా తెలుపూ కలిపి గళ్లు గళ్లుగా అల్లించి, తడిగుడ్డతో తుడిచి కిటికీ ముందు పెట్టాను. మెచ్చుకుంటారని ఎదురుచూశాను.

రామనాథంగారు వచ్చి చూశారు. ఒక వైరును వేలితో లాగి చూశారు. తర్వాత అడిగారు.

“మునెమ్మగారూ, బొమ్మలయ్యగారు ప్లాస్టిక్కు వైరు చూసి ఉంటారా?”

“లేదు సార్. అప్పుడు యాడుండాది అది?”

“మరి ఆయన కుర్చీలో అదెట్లా వచ్చింది?”

“గట్టిగుంటాదని...”

“ఆయనే లేరు కదమ్మా, ఇక గట్టిదనం ఎవరి కోసం?”

తిట్టి ఉంటే మరిచిపోయేదాన్ని. మూడు రోజులు కూర్చుని ఆ వైరంతా నేనే విప్పాను. ఆ తర్వాత పేము అల్లే ముసలాయన్ను పుత్తూరు నుంచి పిలిపించారు. విప్పిన వైరును పారేయలేదు, దాంతో మా ఇంటికి రెండు బుట్టలు అల్లుకున్నాను. కానీ ఆ ప్రశ్న నాకు ఉద్యోగమంతా పనికొచ్చింది. ఏ వస్తువును ముట్టుకున్నా, నేను చేయబోయేది నా కోసమా, దాని కోసమా అని ఒక్క నిమిషం ఆగి చూసుకునేదాన్ని. ఆగకుండా చేసిన పని ఒకటే ఒకటి, అదే మంచం.

నాయుడుపేట

నాలుగు సామాన్లు వచ్చాయి, మంచం మిగిలింది. అది ఎక్కడుందో నాకు మొదటినుంచీ తెలుసు. ఆయన పోయిన పదకొండో రోజు శయ్యాదానం చేశారు. పోయినాయన సుఖంగా పోవాలని మంచం, పరుపు, గొడుగు, చెప్పులు దానమిస్తారు. అది పట్టడానికి ఊళ్లోవాళ్లు ముందుకు రారు. నాయుడుపేట నుంచి శేషాచార్యులనే పెద్దాయన వచ్చి పట్టారు. ఆ పొద్దున మంచాన్ని తుడిచి ఇచ్చింది నేనే.

తుడుస్తూ కడుపు మండిపోయింది నాకు. అందరూ ఆ దానానికి సంతలో నులకమంచం కొని ఇస్తారు. చిలకల బొమ్మలున్న ఇంత మంచి మంచాన్ని ఎవరైనా ఇస్తారా? మా ఇళ్లల్లో పోయినవాళ్ల బట్టలు చాకలికి వేస్తాం, వాళ్లు కట్టుకుంటారో అమ్ముకుంటారో మనకు పట్టదు. మంచం తేవాలన్నప్పుడు ఇదీ అట్లాంటిదే అనుకున్నాను. పెద్దాయన కూడా పోయాడంటే ఇక దానం ముగిసిపోయినట్టే అని నా లెక్క.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అడిగితే అలమేలమ్మగారు వద్దంటుందేమోనన్న అనుమానం నా లోపల ఉంది. అందుకే అడగలేదు. “అమ్మగారికి చెప్పారా?” అని రామనాథంగారు అడిగితే, “నేను చెప్పుకుంటాలే సార్” అన్నాను. చెప్పలేదు.

నాయుడుపేటలో శేషాచార్యుల కొడుకు ఇల్లు రైల్వే గేటు అవతల. మంచం నడవలో ఉంది. దాని మీద తడిబట్టలు ఆరవేసి ఉన్నాయి. చిలకల్లో ఒకదాని ముక్కు చెరిగిపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

“మీదేనమ్మా, తీసుకుపోండి” అన్నాడాయన. “పిల్లకాయలు నలుగురూ దీని మీదే పుట్టినారు. మా ఇంటిదానికే కొంచెం బాధ.”

ఆయన భార్య తలుపు చాటున నిలబడి మంచాన్నే చూస్తోంది. కొత్త ఇనపమంచం చూసి పిల్లలు దాని మీద ఎగురుతున్నారు. నేను తాళ్లు బిగించి కట్టించి, బస్సు పైన వేయించి, కాళహస్తిలో బస్సు మారి, తిరుపతిలో ఇంకో బస్సు మారి, చంద్రగిరి స్టాండులో బండి మాట్లాడుకుని, గెలిచి వచ్చినట్టు వచ్చాను.

వంటింట్లో

గడప దగ్గర రామనాథంగారు ఓపిక నశించి పందిరి కిందికి వెళ్లారు. మంచాన్ని వీధి అరుగు మీద దించి, బండివాణ్ణి పంపించాం. నేను పెరటి దారిన వంటింట్లోకి వెళ్లాను.

రేకుపెట్టె తెరిచి ఉంది. రెండు చీరలు, దేవుడి పెట్టె, కళ్లద్దాల గూడు అందులో ఉన్నాయి. ఊరికే బెదిరించడం లేదని అప్పుడు అర్థమైంది.

“యాడికి పోతావమ్మా?” అన్నాను.

“తిరుమలలో మా పెద్దనాయన మనవడు ఉండాడు. ఒక మూల పడుంటా. నీకెందుకు?”

“ఈ ఇల్లు ఇచ్చింది నువ్వు. నువ్వే పోతే ఎట్లా?”

“ఇల్లు నేనిచ్చినానా? నవ్వొస్తాది నాకు. ఇల్లు ఆయనది. ఆయన పేరు నిలబడాలని ఆయన తమ్ముళ్లు కాగితం రాసినారు, నేను సంతకం పెట్టినా. ఇంట్లో బియ్యం కొలిచి ఇచ్చేది మా అత్త. పెండ్లికి పోతే ఏం చదివించాలో చెప్పేది ఆయన. పదమూడేండ్లకు వచ్చినా ఈ ఇంటికి. నా చేత్తో, నాకు తోచి, నేనిచ్చింది అదొక్కటే మునెమ్మా.”

నేను రేకుపెట్టె పక్కన కూర్చున్నాను.

“ఆ రోజు మరుదులంతా సంతలో మంచం చాలన్నారు. ‘వదినా, ఈ మంచం యిలువ నీకు తెలవదు’ అన్నారు. నాకా తెలవంది? ముప్పై ఏండ్లు దాని మీద పండుకున్నా. ఆయన చిలకలు యేస్తా ఉంటే రంగు గిన్నె పట్టుకున్నా. యిలువ తెలిసే ఇచ్చినా. ఇంట్లో మంచిది ఏదో అదే ఇయ్యాలని ఇచ్చినా. అందురూ మూతులు ముడుచుకున్నారు. నువ్వు గూడా ముడుచుకున్నావు, సూసినాలే.”

“సూసినావా?”

“నీ మొహం నాకు తెలవదా? గుడ్డ ఇదిలించి ఇదిలించి తుడిచినావు.”

సిగ్గుతో నేల చూశాను. ఇక దాచేందుకు ఏమీ మిగల్లేదు కాబట్టి నాయుడుపేట సంగతంతా చెప్పాను. తడిబట్టలు, చెరిగిన ముక్కు, తలుపు చాటున నిలబడ్డ ఆ ఇల్లాలు. నలుగురు పిల్లలు దాని మీదే పుట్టారన్న మాట కూడా చెప్పాను.

ఆవిడ పెట్టె మూత మీద చెయ్యి పెట్టి నన్నే చూసింది.

“నలుగురా?”

“నలుగురంట. పెద్దపిల్ల ఐదో తరగతి.”

“ఈ ఇంట్లో దాని మీద ఒక్కరు గూడా పుట్టలేదు” అంది. కొంచెం ఆగి, “అట్లాంటి మంచాన్ని ఎందుకే పెరుక్కొచ్చినావు?” అని అడిగింది.

నేను లేచి పెరటి దారినే పందిరి వైపు నడిచాను.

అట్టముక్క

పందిరి కింద రామనాథంగారు ఒక్కరే కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నారు. తప్పు నాదని ముందు చెప్పాను. అమ్మగారికి చెబుతానని చెప్పలేదని కూడా చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

“రేపు పది గంటలకు జనం వస్తారు మునెమ్మగారూ. పడకగదిలో ఏం చూపించమంటారు, గోడలా? ఆ చిలకలు ఆయన వేసిన బొమ్మ. బొమ్మలాగే దానికీ విలువుంది. మళ్లీ తడిబట్టల కిందికి పంపిస్తామా? ఎవరో ముసలావిడ మూఢనమ్మకం కోసం?”

“నమ్మకం కాదు సార్. ఆమె ఇచ్చింది అదొక్కటే అంట.” వంటింట్లో విన్నది విన్నట్టు చెప్పాను. రంగు గిన్నె పట్టుకున్న మాట దగ్గర ఆయన నన్ను ఆపారు.

“ఏమన్నారూ? ఆవిడ గిన్నె పట్టుకున్నారా?”

“అవును సార్.”

“ఏడాదిన్నరగా ఈ ఇంట్లో ఉన్నాను. ఆ సంగతి నేను ఒక్కసారి కూడా అడగలేదు.” ఆయన కుర్చీలో కూర్చున్నారు. “గోడల మీద ఇరవై రెండు అట్టలు రాయించి పెట్టాం. ఒక్కదాని మీదా ఆవిడ పేరు లేదు, గమనించారా?”

నేను గమనించలేదు. అక్షరాలు కూడబలుక్కుని చదివే నాకు అన్నీ గొప్పగానే కనిపించాయి.

ఆయన లేచి ఒక అట్టముక్క తెచ్చి తానే రాశారు. దీపాలు పెట్టే వేళకు దాన్ని పట్టుకుని, పెరటి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రావచ్చా అని అడిగారు. అంతకుముందు ఆయన ఆ వైపు వచ్చింది లేదు.

అలమేలమ్మగారు కళ్లద్దాలు పెట్టెలోంచి తీసి చదివింది. అందులో ఇట్లా ఉంది: “బొమ్మలయ్యగారి మంచం ఈ చోట ఉండేది. ఆయన పోయిన పదకొండో రోజున ఆయన భార్య అలమేలమ్మగారు దానిని దానం చేశారు. అది ఇప్పటికీ ఒక ఇంట్లో వాడుకలో ఉంది.”

“ఆయన భార్య అని రాయాల్నా? అలమేలమ్మ అంటే సాలదా?”

“చూడ్డానికి వచ్చినవాళ్లకు ఎవరో తెలియాలి కదండీ.”

“ఊళ్లో ఎవురికి తెలవదు నేను?”

“బయట ఊళ్లవాళ్లు కూడా వస్తారమ్మా.”

“అయితే ఉండనీ” అంది. అట్ట తిరిగి ఇస్తూ, “భోంచేసినారా?” అని అడిగింది. ఆయన లేదన్నారు. ఆ పూట ఆయన వంటింట్లో పీట వేసుకుని రసం అన్నం తిన్నారు. తింటూ చిలకలకు ఏ రంగులు వాడేవారో అడిగారు. ఆవిడ చెబుతూనే ఉంది, ఆయన ఎంగిలి చెయ్యి ఎండిపోయింది.

కొంత ఉన్నది ఉన్నట్టు

మంచాన్ని తిరిగి పంపాలన్న ఆ నిర్ణయం సరైనదేనా అని ఇప్పుడు చేరిన పిల్లలు అడుగుతారు. చదువుకున్నవాళ్లు కొందరు రామనాథంగారిని తప్పుపట్టారు. ఒక చిత్రకారుడి పని చేతికందాక వదిలేశాడన్నారు. ఆ చిలకలు ఈరోజు ఎట్లా ఉన్నాయో నాకు తెలియదు, మొత్తం చెరిగిపోయి ఉన్నా ఉండవచ్చు. ఆ నష్టం నిజమే. కానీ ఆ మంచం గురించి మొదట అడగాల్సిన మనిషి ఇంట్లోనే, వంటగదిలోనే ఉంది. ఆమెను దాటి నాయుడుపేటకు పోయాను. సామాను తెచ్చేటప్పుడు అది ఎవరి చేతిలో ఉందో మాత్రమే అడిగితే చాలదు, ఎవరు ఇచ్చారో కూడా అడగండి.

ఆ ఇద్దరి దగ్గరా పని నేర్చుకోవడం నా అదృష్టం. ఒకరు తిట్టకుండా నేర్పారు, ఒకరు తిట్టి నేర్పారు. అలమేలమ్మగారు మరో తొమ్మిదేళ్లు ఆ వెనక గదుల్లోనే ఉన్నారు. రామనాథంగారు బదిలీ అయి వెళ్లేదాకా చిన్న పుస్తకం పట్టుకుని పెరటి గుమ్మం దగ్గర కూర్చునేవారు. రంగుల సంగతి, వడ్రంగి సంగతి, ఏ బొమ్మలో బిందె మోసేది ఎవరో, అన్నీ ఆవిడ చెప్పగా రాసుకున్నవే. ఇప్పుడు మీరు వచ్చినవాళ్లకు చెప్పే మాటల్లో సగం ఆవిడవే.

మర్నాడు

పొద్దున ఆరున్నరకు రామనాథంగారూ నేనూ పట్టెలు చెరో పక్కా పట్టుకుని బస్టాండుకు నడిచాం. కోళ్లూ తలాపు పలకా బండిలో వచ్చాయి. పలక చుట్టూ ఆయన తన దుప్పటి చుట్టారు. కండక్టరు సణిగాడు, అయినా పైకి ఎక్కించాడు.

ఇంటి దగ్గర బయల్దేరే ముందే అలమేలమ్మగారు వాకిట్లో ముగ్గు వేసి, పెరుగన్నం మూట తెచ్చి నా చేతికిచ్చింది.

“హోటల్లో తిని డబ్బులు తగలెయ్యమాక” అంది. “ఆ పిల్లోళ్ల అమ్మతో సెప్పు, తడిబట్టలు ఆ పలక మీద మాత్రం ఎయ్యొద్దని. ఇంకేం సెప్పమాక.”

పది గంటలకు మ్యూజియం తెరిచారట. పెద్దవాళ్లు వచ్చారట, పందిరి నిండిందట. పడకగదిలో ఉత్త నేల మీద పెట్టిన అట్ట దగ్గర జనం ఎక్కువసేపు నిలబడ్డారని తర్వాత విన్నాను. నేను చూడలేదు. ఆ వేళకు కాళహస్తి బస్టాండులో పెరుగన్నం తింటూ నాయుడుపేట బస్సు కోసం కూర్చుని ఉన్నాను. మంచం నా పక్కనే ఉంది.